ముందు భోజనం సంగతి తేల్చండి

మెల్‌బోర్న్‌లో మనవాళ్ల ఇళ్లు ఎక్కువగా పడమటి శివార్లలో ఉంటాయి. టార్నీట్, ట్రుగనీనా, పాయింట్ కుక్. యారా వ్యాలీ ఏమో ఊరికి అటు చివర, తూర్పున. అందుకే నాకొచ్చే ఫోన్లన్నీ ఇంచుమించు ఒకేలా మొదలవుతాయి. "అన్నా, అమ్మావాళ్లు ఇండియా నుంచి వచ్చారు. శనివారం యారా వ్యాలీ తీసుకెళ్తావా? ఓ ఐదారు వైనరీలు చూసేద్దాం."

నేను తిరిగి అడిగే మొదటి ప్రశ్న, శనివారం అమ్మగారు నీచు తింటారా అని. అవతల ఫోన్ పక్కకు పెట్టి ఎవర్నో అడుగుతారు. ఆ తర్వాత తేదీ ఆదివారానికి మారుతుంది.

మాది తెనాలి. ఇక్కడ పదకొండు సీట్ల వ్యాను నడుపుతాను. ప్లాన్ వేసేదీ నేనే, బుకింగులు చేసేదీ నేనే, స్టీరింగ్ ముందు కూర్చునేదీ నేనే. విక్టోరియాలో మామూలు లైసెన్సు ఉన్నవాళ్లకు రక్తంలో ఆల్కహాలు 0.05 లోపు ఉంటే ఇబ్బంది లేదు. కిరాయికి మనుషుల్ని ఎక్కించుకునే మాకు మాత్రం సున్నా ఉండాలి. కాబట్టి పనిలో ఉన్నంతసేపు గ్లాసు ముక్కు దాకా వస్తుంది, నోటి దాకా రాదు. మా వ్యాను ఎక్కే పెద్దవాళ్లలో సగం మంది పరిస్థితీ అంతే కాబట్టి మాకు బాగా కుదురుతుంది.

ఈ పనిలో నాకు అర్థమైంది ఒకటే. వైన్ టూరు రోజును వైన్‌తో మొదలెట్టి అల్లకూడదు. మధ్యాహ్నం భోజనం ఎక్కడ, ఎన్నింటికి అన్నది ముందు తేల్చుకుని, దానికి అటూ ఇటూ తోటల్ని తగిలించాలి. తాగేవాళ్ల రోజు ఎలాగైనా గడిచిపోతుంది. తాగనివాళ్లకు కడుపు నిండకపోతే, రెండింటికల్లా "ఇంక ఇంటికి పోదాం" అన్న మాట వెనక సీట్లోంచి వినిపిస్తుంది.

వైనరీల్లో ఉండే రెస్టారెంట్లు మన ఇళ్ల వేళలకు నడవవు. పన్నెండుకు తెరిచి, మూడింటికల్లా వంటగది సర్దేస్తారు. వారాంతాల్లో చాలాచోట్ల సెట్ మెనూనే. మూడు నాలుగు వారాల ముందు చెప్పకపోతే పది మందికి బల్ల దొరకదు. చెప్పినా, వెజిటేరియన్ అని ఒక్క ముక్క రాసి ఊరుకుంటే సరిపోదు. ఒకచోట శాకాహారం అని రిసోటో తెచ్చి పెట్టారు, ఘుమఘుమలాడుతోంది. దేంతో ఉడికించారని అడిగితే, కోడి ఎముకల రసంతో అన్నారు. ముక్కలు లేవుగా అని వాళ్ల లెక్క. అప్పట్నుంచి నా ఈమెయిల్ పొడవు పెరిగింది. గుడ్డు తింటారా లేదా, ఎముకల రసం, చేప సాసు, జెలటిన్ వద్దు, ఎవరు గొడ్డుమాంసం ముట్టరు, ఎవరికి ఉల్లిపాయ కూడా పనికిరాదు, అన్నీ పేరుపేరునా రాస్తాను. వంటవాళ్లు విసుక్కోరు. నిజానికి ఇంత వివరంగా చెబితే వాళ్లకే సుఖం.

వైన్ శాకాహారమేనా అని అడిగేవాళ్లూ ఉంటారు. అది తెలివైన ప్రశ్నే. ద్రాక్షరసంలో ఏముంటుందిలే అనుకుంటాం గానీ, వైన్ తేటపడటానికి కొందరు గుడ్డు తెల్లసొన, పాలలోని కేసీన్, చేప గాలితిత్తి నుంచి తీసే ఒక రకం జిగురు వాడతారు. ఇప్పుడు వీగన్ అని సీసా వెనక వేస్తున్నవాళ్లు చాలామంది ఉన్నారు. అది చూసి కొంటే గొడవ ఉండదు. కార్తీకమాసంలో మాత్రం ఈ ప్రశ్నే రాదు, బుకింగులే రావు. ఇక్కడ అది వసంతం, తీగలు చిగురు వేసి లోయంతా కళకళలాడే కాలం. నా వ్యాను మాత్రం ఇంటి ముందు నిలబడి ఉంటుంది.

పడమటి నుంచి పోవడానికి దారులు రెండు. ఎల్తమ్ మీదుగా క్రిస్మస్ హిల్స్ దాటి యారా గ్లెన్‌లో దిగే దారి చూడటానికి బాగుంటుంది గానీ మలుపులే మలుపులు. కారులో కడుపు తిప్పేవాళ్లు ఒక్కరున్నా నేను అటు పోను. ఈస్టర్న్ ఫ్రీవే పట్టుకుని రింగ్‌వుడ్, లిల్లీడేల్ మీదుగా కోల్డ్‌స్ట్రీమ్ చేరతాను. గంటన్నర పైనే పడుతుంది. ఆ దారిలో, హైవేలు విడిపోయేచోట ఎత్తైన చెట్లకంచె వెనక ఓ ఇల్లు ఉంది. అది ఒపెరా గాయని నెల్లీ మెల్బాది. నూరు డాలర్ల నోటు మీద ఉన్న ఆవిడే. అసలు పేరు హెలెన్ మిచెల్, మెల్‌బోర్న్ పేరులోంచి ఆ మెల్బా పుట్టింది. పీచ్ మెల్బా అనే ఐస్‌క్రీమ్ వంటకానికి ఆవిడ పేరే పెట్టారు. జేబుల్లోంచి నోట్లు బయటికి తీసి చూసుకునే కార్యక్రమం అక్కడ తప్పనిసరి.

ఇక తోటలు. విక్టోరియా రాష్ట్రంలో మొట్టమొదటి ద్రాక్షతోట ఈ లోయలోనే, యెరింగ్‌లో, 1838లో రైరీ సోదరులు వేశారు. వాళ్లు ప్రధానంగా పశువుల కోసం వచ్చినవాళ్లు. తర్వాత స్విట్జర్లాండ్ నుంచి వచ్చిన పాల్ డి కాస్టెల్లా ఆ తోటను పెంచాడు. 1889 పారిస్ ప్రదర్శనలో, ఐఫిల్ టవర్ కట్టిన ఏడాదే, యెరింగ్ వైన్ గ్రాండ్ ప్రి గెలిచింది. ఆ తర్వాత కథ తిరగబడింది. ఆర్థిక మాంద్యం వచ్చింది, జనం ఘాటైన తియ్యటి వైన్ల వైపు మళ్లారు. 1920లకల్లా తీగలు పీకి పాడి ఆవుల్ని మేపుకున్నారు. మళ్లీ 1960లు, 70ల్లోనే నాటడం మొదలైంది. 1986లో ఫ్రాన్సు నుంచి షాంపేన్ తయారుచేసే మొయెట్ ఎ షాందాన్ వాళ్లు కోల్డ్‌స్ట్రీమ్ దగ్గర అడుగుపెట్టాక లోయ పేరు బయటి దేశాల్లోనూ గట్టిగా వినపడసాగింది.

ఇదంతా కొడుకులు విననట్టు వింటారు. శ్రద్ధగా వినేది రైతులైన తండ్రులు. ఫిబ్రవరి చివర, కోతల వేళ, మేడ్చల్ దగ్గర ఒకప్పుడు పందిరి ద్రాక్ష పండించిన పెద్దమనిషి ఒకాయన వచ్చాడు. వరసల మీద కప్పిన తెల్లవల చూడగానే "పిట్టల కోసం" అని తేల్చేశాడు. వల కింద గుత్తి పిడికెడు కూడా లేదు. కాయలు నల్లగా, ఒకదానికొకటి అతుక్కుని, బఠాణీ కంటే కొంచెం పెద్దవి. పీనో న్వార్.

"గింత చిన్నగున్నయ్. ఎవలు కొంటరు బిడ్డా?"

"తినడానికి కాదు పెదనాన్నా. రంగూ రుచీ తోలులోనే ఉంటాయి. కాయ చిన్నదైతే రసానికి తోలు ఎక్కువ పడుతుంది. అందుకే కావాలనే కాపు తగ్గిస్తారు."

కాపు తగ్గించడం అన్న మాట ఆయనకు మింగుడుపడలేదు. వరసలోకి అడుగు వేయబోతే అక్కడి అమ్మాయి పరుగున వచ్చి ఆపింది. వేళ్లను తినే ఫిలోక్సెరా అనే పురుగు ఈ లోయలో 2006 చివర బయటపడింది. బూట్లకు అంటిన మట్టితో, బండి చక్రాలతో ఒక తోట నుంచి ఇంకో తోటకు పోతుంది. అందుకే తీగల మధ్య ఫోటోలకు ఎవర్నీ రానివ్వరు. సొంత వేరు మీద పెరిగిన పాత తీగలు తీసేసి, అమెరికా వేరుమొక్కల మీద అంటుకట్టినవి నాటుతున్నారని ఆ అమ్మాయి చెబితే, ఆయన మొహం వెలిగింది. "మేం డాగ్‌రిడ్జ్ మీద కడతం, ఉప్పు నేల తట్టుకుంటది" అన్నాడు. తర్వాత అరగంట నేను ఇద్దరికీ దుబాసీగా నిలబడ్డాను. లోపల టేస్టింగ్‌లో ఏం పోశారో ఎవరికీ గుర్తు లేదు గానీ, ఆ రోజు బాగా గడిచిన రోజుల్లో ఒకటి.

ఐదారు వైనరీలు ఎందుకు వద్దంటానో చెబుతాను. ఒక్కోచోట ఆరు రకాలు, ఒక్కోటి 30 మిల్లీలీటర్లు అనుకోండి. మూడుచోట్ల తిరిగితే 540 మిల్లీలీటర్లు, అంటే ముప్పావు సీసాకు కొంచెం తక్కువ. ఉమ్మడానికి బల్ల మీద పాత్ర పెడతారు. వృత్తివాళ్లంతా ఉమ్ముతారు. మనవాళ్లు అత్తమామల ఎదుట ఎంగిలి ఉమ్మలేక మొత్తం మింగేస్తారు. కాబట్టి భోజనానికి ముందు ఒకటి, తర్వాత ఒకటి. మూడోది కావాలంటే అది చీజ్ దుకాణమో చాక్లెట్ దుకాణమో అయి ఉండాలి. పిల్లలుంటే హీల్స్‌విల్ జంతుశాల. బంధనంలో ప్లాటిపస్‌ను తొలిసారి పెంచి పిల్లను సాధించింది అక్కడే, 1943లో.

పులిహోర డబ్బా ఎలాగూ వస్తుంది, వద్దన్నా వస్తుంది. వైనరీల్లో బయటి తిండి తెరవనివ్వరు. అందుకని హీల్స్‌విల్ దాటాక మరూండా రిజర్వాయర్ పార్కులో ఆపుతాను. 1927లో కట్టిన ఆనకట్ట, కింద పచ్చిక, బల్లలు. నాకూ ఒక ప్లేటు పెడతారు. ఆవకాయతో ఏ వైన్ బాగుంటుందని అక్కడే ఎవరో ఒకరు అడుగుతారు. ఎర్రవైన్‌లో వగరు ఉంటుంది, అది కారాన్ని ఇంకా ఎగదోస్తుంది. షిరాజ్‌తో కోడివేపుడు తిని నోరు మండించుకున్నవాళ్లకు తెలుస్తుంది. కారానికి కాస్త తీపి మిగిలిన రీస్లింగ్ నయం. మిరపకాయ బజ్జీకి చల్లటి బుడగల వైన్, దాన్ని మించింది లేదంటాను. ఆవకాయకు మజ్జిగే.

చలికాలంలో నాలుగున్నరకల్లా బండి తీసేస్తాను. ఐదు దాటితే చీకటి, చీకటి పడే వేళ కంగారూలు రోడ్డెక్కుతాయి. ఎనభైలో వస్తున్న బండికి కంగారూ తగిలితే కంగారూ ఒక్కటే పోదు.

కొన్న సీసాలు లెక్కపెట్టుకునేది తిరుగు దారిలో. "నేను ముట్టను బాబూ" అని పొద్దున్నే చెప్పిన గుంటూరు బాబాయ్‌గారు ఒకాయన, అందరూ కునికిపాట్లు పడుతుండగా, నా సీటు వైపు వంగి అడిగారు.

"ఇండియాకి ఎంత తీసుకెళ్లనిస్తారు నాయనా?"

"మనిషికి రెండు లీటర్లు, బాబాయ్‌గారూ. ఈ సీసాలైతే రెండు. మూడోదానికి పన్ను కట్టాలి."

కాసేపు లెక్క వేసుకున్నారు.

"మీ పిన్నిగారి లెక్క వేరేనా?"

"వేరేనండి."

"అయితే ఆ బుడగలది ఇంకో రెండు తీసుకోవాల్సింది" అన్నారు. కోల్డ్‌స్ట్రీమ్ అప్పటికి ఇంకా దాటలేదు. వ్యాను తిప్పాను.