బోదె గట్టు మీద జెర్రిపోతుల కుస్తీ

కొబ్బరి ఒలుపు కూలీల గురించి రాయమని ఎడిటర్ పంపితే కోనసీమలో రాజోలు దగ్గర, వైనతేయ నది పక్కనున్న ఒక తోటకి వెళ్లాను. నేలలో పాతిన ఇనుప మొనకి కాయ గుచ్చి, మెలితిప్పి డొక్క ఊడదీస్తున్న ఓ పెద్దాయన చేతుల్నే చూస్తూ కూర్చున్నాను. ఉన్నట్టుండి ఆ చేతులు ఆగాయి. డొక్కల రాశి వెనక, బోదె గట్టు మీద రెండు పాములు పెనవేసుకుని నిలువునా లేచాయి.

"సయ్యాటండీ! కొత్తగుడ్డ కప్పితే కలిసొస్తాది" అందొకావిడ. "అందులో ఒకటి తాచండి, ఆయ్" అన్నాడు ఇంకొకాయన. ఓ కుర్రాడు కర్ర అందుకున్నాడు. పెద్దాయన లేచి చెయ్యి అడ్డం పెట్టాడు.

"ఆగరా! రెండూ జెర్రిపోతులే, రెండూ మగయ్యే. కుస్తీ పడతన్నాయి."

ఆయన మాట అక్షరాలా నిజం. జతకట్టే కాలంలో మగ జెర్రిపోతులు ఇలాగే తలపడతాయి. ఎదుటిదాని తలని నేలకి అదమడమే పట్టు. ఓడింది జారుకుంటుంది, నెగ్గినదానికి ఆడపాముతో జతకట్టే వీలు దొరుకుతుంది. నల్లత్రాచుల్లోనూ మగవాటి పోరు ఇంతే. యూరప్‌లో పొడపాముల పోరునూ ఒకప్పుడు ప్రేమ నాట్యమనే అనుకున్నారు. తాచు, జెర్రిపోతు వేర్వేరు జాతులు, వాటికి జత కుదరదు. జెర్రిపోతులన్నీ మగవే కావు, వాటిలోనూ ఆడవి ఉన్నాయి, గుడ్లు పెడతాయి.

కాసేపటికి తోట రైతు వచ్చి, "ఎలకలు మొవ్వులోకెక్కి పిందెలన్నీ కొరికేస్తన్నాయండీ" అని వాపోయాడు. చెట్ల మొదళ్లకి రేకులు చుట్టించానన్నాడు. వింటుంటే నాకు ఒళ్లు మండింది. పట్టపగలే ఎలకల్ని వేటాడే జీవి ఆయన గట్టు మీదే ఉంది, దాన్ని కొట్టబోయింది ఆయన మనుషులే.

2000 నుంచి 2019 వరకు దేశంలో పాముకాటుకి సుమారు 12 లక్షల మంది చనిపోయారని అంచనా. పాములంటే ఉండే భయం నిజమైనదే. కానీ అందులో జెర్రిపోతు పాపం లేదు, దానికి విషమే లేదు. తాచులా కనబడటమే దాని ప్రాణం మీదికి తెస్తోంది. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం దాన్ని చంపడం నేరమంటోంది. ఆ సంగతి ఆ తోటలో ఎవరి నోటా వినలేదు.

ఆ పెద్దాయన చూపు బడిలో నేర్పేది కాదు, తోటలో ఏళ్లు గడిపితే అబ్బింది. ఇప్పటి పిల్లలకి ఫోన్లో సయ్యాట వీడియోలే గురువులు. అంత చూపు అబ్బకపోయినా, అది సయ్యాట కాదు, మగపాముల పోరన్న పాఠమైనా కోనసీమ బడుల్లో తప్పక చెప్పాలి.

పాములు పెనవేసుకుని కనబడితే గుడ్డ కప్పకండి, కర్ర ఎత్తకండి. దూరంగా జరిగి, వాటి పోరు వాటిని తేల్చుకోనివ్వండి.