జక్కవల పుట్టింటికి

ముప్పై నాలుగేళ్ళ తెలుగు పండిత ఉద్యోగంలో చక్రవాక విరహాన్ని ఎన్ని తరగతులకు వర్ణించి చెప్పానో లెక్కలేదు. పగలంతా జంటగా విహరించి, పొద్దు గుంకగానే ఏటికి చెరొక గట్టునా చిక్కి, తెల్లవార్లూ ఒకదానికై ఒకటి ఆక్రోశించే పక్షులని చెప్పేవాణ్ణి. ప్రబంధకవులు జక్కవలను మరొకదానికి ఉపమానం చేసిన పద్యాలు వచ్చినప్పుడు మాత్రం, మిత్రులారా, తాత్పర్యం క్లుప్తంగా ముగించి పుట తిప్పేవాణ్ణి. ఒకనాడు తొమ్మిదో తరగతి పిల్లవాడొకడు లేచి, "మాస్టారూ, మీరు జక్కవను చూశారా?" అన్నాడు. "కూర్చో" అన్నాను.

ఆ ప్రశ్నకు జవాబు దొరకడానికి పదవీవిరమణ దాకా పట్టింది. ఒక జనవరి సాయంత్రం బ్యారేజీకి దిగువన, కృష్ణలో ఇసుకతిన్నె మీద రెండు పెద్ద బాతులు కనబడ్డాయి. ఒళ్ళంతా కాల్చిన ఇటుక రంగు, తల కాస్త వెలిసిన రంగు. మా అబ్బాయి కొనిపెట్టిన సలీం అలీ పుస్తకం తీసి చూస్తే సాక్షాత్తూ చక్రవాకాలే. మనవాళ్ళు బాపన బాతు అనేది వీటినే. ఇక పండితుడికి పరీక్ష! విడిపోతాయో లేదో చూద్దామని చీకటి పడేదాకా గట్టుమీదే కూర్చున్నాను. విడిపోలేదు. దోమలు కుట్టి నేనే లేచాను. ఇవి మేతకు ఎక్కువగా రాత్రిపూటే తిరుగుతాయట. చీకట్లో మేస్తూ పిలుచుకొనే గొంతులు విని, మన పూర్వకవులు ఆ పిలుపును విరహంగా భావించారేమోనని నా ఊహ.

వేసవి తోస్తుండగానే తిన్నె ఖాళీ అయింది. అవి వెళ్ళేది హిమాలయాల ఆవలి పీఠభూములకు. లడఖ్‌లోని త్సో మొరిరి, త్సో కర్ సరస్సుల దగ్గర రాతి కన్నాల్లో గుడ్లు పెడతాయి. ఆ ఋతువులో మగపక్షి మెడకు నల్లని కంటె తొడిగినట్లు చార ఏర్పడుతుంది. ఇక్కడ శీతకాలంలో నేను చూసిన పక్షికి అది లేదు. పైగా మన కొల్లేరూ ఆ త్సో మొరిరీ రెండూ 2002లోనే రామ్‌సర్ జాబితాకు ఎక్కాయి. తోబుట్టువుల వంటి ఆ సరస్సును కూడా చూడాలని సంకల్పం కలిగింది.

సంకల్పం సులభమే. మా విజయవాడ, కొండలు మినహాయిస్తే, సముద్రమట్టానికి ముప్పై మీటర్ల ఎత్తయినా లేని ఊరు. లేహ్ సుమారు 3,500 మీటర్లు, సరస్సులు 4,500. అంత ఎత్తున ప్రాణవాయువు మనకిక్కడ అందేదానిలో నూటికి అరవై పాళ్ళకు లోపే. ఢిల్లీ నుంచి విమానంలో గంటన్నరలోపే దిగవచ్చుగాని, ఒంటికి అలవాటు పడే వ్యవధి ఉండదు. అందుకని శ్రీనగర్ దాకా వెళ్ళి, అక్కడి నుంచి కార్గిల్ మీదుగా రోడ్డున మెల్లగా ఎక్కడం, లేహ్‌లో మూడు రోజులు కదలకుండా ఉండడం, ఆ తరువాతే త్సో కర్. జూన్ మూడోవారం అనుకొన్నాను. ఆ తడినేలల్లో నల్లమెడ కొంగలు కూడా గూడు కడతాయి. వాటిని చూసి రమ్మని మనుమడి ఆజ్ఞ.

వైద్యుడు నన్ను పరీక్షించి, రక్తపోటు మాత్రలు మానకుండా వెళ్ళిరమ్మన్నాడు. మా ఇంటావిడకు మాత్రం ఉబ్బసం మూలంగా ససేమిరా వద్దన్నాడు. బయటికి వచ్చాక ఇద్దరమూ చాలాసేపు మాట్లాడుకోలేదు. పెళ్ళయిన నలభై ఒక్క ఏళ్ళలో, పురుళ్ళూ మూల్యాంకన శిబిరాలూ తప్ప, మేము వేరువేరుగా గడిపిన రాత్రులు తక్కువ. ప్రయాణం మానేస్తానన్నాను. మనస్ఫూర్తిగా అన్నానో లేదో నాకే తెలియదు, ఆవిడకు తెలిసినట్లుంది.

రెండు రోజుల తరువాత కాఫీ ఇస్తూ, "ఏమండీ, ఆ పక్షులు రాత్రంతా పిలుచుకొంటాయని పిల్లలకు చెప్పేవారుగా. మీరూ రోజూ రాత్రి ఫోను చేయండి, చాలు" అంది. టిక్కెట్టు ఒకటే తీశాను. తీరా విచారిస్తే, మన ప్రీపెయిడ్ సిమ్ములు లడఖ్‌లో పనిచేయవట, పోస్ట్‌పెయిడ్ అయితేనే మాట కలుస్తుందట. సరస్సుల దగ్గర అదీ అంతంతమాత్రమేనని వెళ్ళివచ్చినవారు చెప్పారు. ఆ సంగతి ఆవిడకు ఇంకా చెప్పలేదు. రేపు ఆధార్ కార్డు పట్టుకొని, సిమ్ము మార్పించడానికి గవర్నర్‌పేట వెళ్ళాలి.