మైకు ఎక్కడ పెడదాం?

మీ గొంతు మీరే రికార్డులో మొదటిసారి విన్నప్పుడు ఏమనుకున్నారో నేను చెప్పనా? "ఛ, ఇది నాది కాదు" అనుకుని ఉంటారు. అందరూ అంతే లెండి. సంగీతం నేర్చుకునే పిల్లలైతే మరీను. ఏళ్ల తరబడి వర్ణాలూ కీర్తనలూ సాధన చేసినవాళ్లు కూడా హెడ్‌ఫోన్స్ పెట్టుకోగానే మొహం చిన్నబుచ్చుకుంటారు. పాపం, మైకు చేసిన తప్పేమీ లేదు. పాడుతున్నప్పుడు మన గొంతు మన చెవికి గాలిలోంచి కొంతా, పుర్రె ఎముకల గుండా కొంతా చేరుతుంది. ఎముకల దారిన వచ్చేదాంట్లో మంద్రం పాలు ఎక్కువ. అందుకే మన గొంతు మనకెప్పుడూ గంభీరంగా తోస్తుంది. ఎదురుగా కూర్చున్నవాళ్లకు ఆ రెండో దారి లేదు, మైకుకూ లేదు. అంటే రికార్డులోని ఆ పీలగొంతునే ఊరంతా ఇన్నాళ్లూ వింటోందన్నమాట!

సంగీత విద్యార్థులకు రికార్డింగ్ పాఠం ఇక్కడే మొదలుపెట్టాలంటాను. రికార్డింగ్ అనగానే కంప్యూటరూ, తెరమీద రంగురంగుల పట్టీలూ గుర్తొస్తాయి అందరికీ. పిల్లల సరదా కూడా దానిమీదే. నన్నడిగితే అది ఆఖరి పాఠం. మొదట్లో ఒక మైకూ ఒక వీణా చాలు, కొన్ని వారాలు గడిచిపోతాయి.

వీణే ఎందుకంటారా? దాని దగ్గర మైకు ఒక జానెడు జరిగితే వాద్యమే మారిపోయినట్టుంటుంది. మెట్లకు దగ్గరగా పెట్టి చూడండి. వేలు తీగమీద రాసుకునే చప్పుడంతా పైకి తేలుతుంది. కుండకు ఎదురుగా పెడితే గుమ్మనే నాదం వస్తుంది గానీ మీటు పదును తగ్గుతుంది. రెండు మీటర్లు వెనక్కి జరిపారా, వీణతోపాటు గది కూడా రికార్డవుతుంది. శబ్దానికి మీటరు నడవడానికి సెకనులో వెయ్యో వంతులు మూడు పడతాయి. నేరుగా వచ్చిన నాదం వెంట గోడకు తగిలి తిరిగొచ్చినది కాస్త వెనగ్గా చేరుతుంది. ఆ వెనకబాటే గది రుచి. ఖాళీ గదిలో చప్పట్లు కొట్టి వినమనండి, అప్పుడే బొంతలూ తెరలూ ఎక్కడ వేలాడదీయాలో పిల్లలకే తెలుస్తుంది. ఇక మన ఎండాకాలం సంగతి చెప్పక్కర్లేదు. ఫ్యాను వేస్తే రొద, ఆపితే చెమట. ఆపి పాడమనే చెప్పాలి, వేరే దారి లేదు.

మైకుల రకాలు పుస్తకంలో ఉంటాయి, నేను ఎక్కువ చెప్పను. డైనమిక్ మైకు మొరటు పనికి తట్టుకుంటుంది. కండెన్సర్ మైకు సూక్ష్మమైనదాన్ని పట్టుకుంటుంది, మామూలుగా దానికి 48 వోల్టుల కరెంటు అందించాలి. చేత్తో నేర్చుకోవలసిన సంగతి మాత్రం ఒకటుంది. ముందువైపే ఎక్కువగా వినే కార్డియాయిడ్ మైకుకు నోరు మరీ దగ్గరగా పెడితే మంద్రం ఉబ్బుతుంది. ఆ ఉబ్బు తమ గొంతు గొప్పే అనుకునే గాయకులు తక్కువేం లేరు.

అన్నట్టు, మైకు ముందు ఎలా పాడాలన్న విద్య, రికార్డింగులోకి మైకు రావడం కంటే పాతది. 1902లో కలకత్తాలో గాయని గౌహర్ జాన్ గ్రామఫోనుకు పాడినప్పుడు అక్కడ మైకే లేదు. ఉన్నది ఒక పెద్ద బాకా, దాని చివర పల్చటి పొర, ఆ పొర కదలికకు మైనంమీద గీత గీసే సూది. కరెంటు ఊసు లేదు. కింది స్వరాలకు బాకాలోకి వంగాలి, తారస్థాయికి వెనక్కి తగ్గాలి. విద్యుత్తుతో, మైకుతో రికార్డింగ్ 1925లో గానీ మార్కెట్లోకి రాలేదు. అప్పటి గ్రామఫోను పళ్లెంలో ఒక వైపు పట్టేది మూడు నిమిషాల పైచిలుకు. రాగం, కీర్తన, స్వరం అన్నీ అందులోనే కుదించాలి. మూడు నిమిషాల్లో ఒక రాగం రూపు కట్టించమని ఇవాళ్టి పిల్లలకు చెప్పి చూడండి, అదే ఒక పరీక్ష.

ఆ పాత పళ్లేలతో చేయించదగ్గ పని మరొకటుంది. నిమిషానికి 78 తిరుగుళ్లు అని పేరేగానీ తొలినాళ్లలో అన్నీ కచ్చితంగా ఆ వేగంతో చేసినవి కావు. 74తో రికార్డు చేసినదాన్ని 78తో తిప్పామనుకోండి. ఐదు శ్రుతిలో పాడినావిడ ఇంచుమించు ఐదున్నరలో పాడినట్టు వినిపిస్తుంది, కాలం కూడా ఆ మేరకు ఉరుకుతుంది. "పాతకాలంలో ఎంత వేగంగా పాడేవారండీ" అని ఆశ్చర్యపోయే ముందు కాస్త ఆగాలి మరి. పిల్లలకు ఒక పాత రికార్డిచ్చి, ఏ వేగంలో ఆ గొంతు మనిషి గొంతులా ఉందో తేల్చమనండి. వాదులాడుకుంటారు. వాదులాడుకోనివ్వండి, చెవి పదునెక్కేది అప్పుడే.

పాత రికార్డు చేతికొస్తే బరబర తీసెయ్యాలని ఉబలాటం సహజం. సాఫ్ట్‌వేరులో ఒక్క నొక్కుతో పోతుంది. ద్వారం వెంకటస్వామి నాయుడుగారి వయొలిన్ ఇచ్చి చేయించండి. బరబర పోయినకొద్దీ కమాను తీగమీద ఒరిసే సన్నటి శ్వాస కూడా పోతుంది. ఎక్కడ ఆపాలో మిషను చెప్పదు, చెవే చెప్పాలి.

ఇప్పుడు కచేరీ రికార్డింగ్ మాట. ఒకప్పుడు మద్రాసు స్టూడియోల్లో సినిమా పాటకు గాయకులూ వాద్యబృందమూ ఒకే హాల్లో కూర్చునేవారు. చివరి చరణంలో ఒక్కరు తప్పినా మళ్లీ మొదటినుంచే. తర్వాత ట్రాకులొచ్చి ఎవరి భాగం వాళ్లు వేర్వేరుగా ఇచ్చిపోవడం అలవాటైంది. సినిమా పాటకు అది బాగానే నప్పింది. కర్ణాటక సంగీతానికి మాత్రం వద్దంటాను. గాత్రం ఇవాళ, మృదంగం ఎల్లుండి రికార్డు చేస్తే, నెరవులో గాయకుడి ఊహను చూసి మృదంగం మీద చెయ్యి ఆగడం అన్నది ఎక్కడినుంచి వస్తుంది? అందర్నీ ఒకేచోట కూర్చోబెట్టండి. ఒకరి శబ్దం మరొకరి మైకులోకి కారుతుంది, కారనివ్వండి. మైకుకూ వాద్యానికీ ఎంత దూరమో, మైకుకూ మైకుకూ మధ్య దానికి మూడింతలు ఉంచితే చాలావరకు సర్దుకుంటుంది.

లెవెల్ పెట్టడంలో పిల్లలందరూ ఒకేచోట బోల్తాపడతారు. ఆలాపన వింటూ సూచీని సొంపుగా నిలబెడతారు. గంట గడిచాక తని ఆవర్తనం మొదలవుతుంది, మృదంగం పలుకు పలుకుకూ ఎర్రదీపం. డిజిటల్‌లో సున్నా డెసిబెల్స్ దాటినది చిట్లిపోతుంది, తర్వాత అతికేది లేదు. ముందే మృదంగం ఆయన్ని గట్టిగా ఒక తీర్మానం వాయించమని బతిమాలుకుని, అది మైనస్ 12 దగ్గర ఉండేలా చూసుకుంటే గొడవ లేదు. 24 బిట్లలో రికార్డు చేస్తున్నప్పుడు ఆలాపన కాస్త కిందున్నా నష్టమేమీ ఉండదు.

గొంతు శ్రుతి సరిచేసే ఆటోట్యూన్ గురించి అడగరేం? 1997లో వచ్చింది. దాన్ని తయారుచేసిన ఆండీ హిల్డెబ్రాండ్ అంతకుముందు చమురు కోసం భూమి పొరల ప్రతిధ్వనుల లెక్కలు చూసినాయన. మంచి పనిముట్టే. కానీ పన్నెండు మెట్ల నిచ్చెన ఇచ్చి ఏదో ఒక మెట్టుమీద నిలబడమంటుంది. తోడి గాంధారం ఎక్కడ నిలబడుతుందండీ? ఊగడమే దాని ఉనికి. తరగతిలో ఒక్కసారి తోడి పాడించి, ఆటోట్యూన్ పూర్తిగా బిగించి వినిపించండి. పిల్లలు నవ్వుతారు. గమకం అంటే ఏమిటో ఉపన్యాసం అక్కర్లేదు.

చివరగా ఫైళ్ల గొడవ. సీడీ నాణ్యతలో, అంటే సెకనుకు 44,100 నమూనాలు, 16 బిట్లు, రెండు ఛానెళ్లు, వేవ్ ఫైలు నిమిషానికి పది ఎంబీ పైచిలుకు తింటుంది. తిననివ్వండి. ఎంపీ3 పంచుకోవడానికే, దాచుకోవడానికి కాదు. ఫైలు పేరు "న్యూ రికార్డింగ్ 47" అని వదిలేస్తే రేపు మీకే తెలియదు అందులో ఏముందో. గౌహర్ జాన్ పాట చివర తన పేరు తానే చెప్పుకునేది, దూరాన హానోవర్‌లో పళ్లేలు అచ్చువేసేవాళ్లకు తెలియాలని అంటారు. పిల్లల చేత కూడా పాటకు ముందే చెప్పించండి, ఎవరు పాడుతున్నారు, ఏ రాగం, ఏ శ్రుతి, పక్కవాద్యాలెవరు, ఏ తేదీ. ఆ పైన రెండు కాపీలు తీసి, ఒకటి కళాశాలలో, ఇంకొకటి వేరే ఇంట్లో పెట్టించండి.