డెక్ కింద కాపురం

జనవరి చివర, ఆరు నెలలు ఉండటానికి, న్యూజెర్సీలోని ఎడిసన్‌లో కొడుకు ఇంటికి వచ్చిన ఆ విశ్రాంత లెక్కల మాస్టారికి, మూడు వారాలు తిరగకుండానే తాను చేయదగిన పని అక్కడ ఏదీ లేదని అర్థమైంది. అంట్లు యంత్రం తోముతుంది, బట్టలు యంత్రం ఉతుకుతుంది, కూరగాయలకు కారులో తప్ప పోలేరు. తెనాలిలో మూడు తరాల పిల్లలకు క్షేత్రగణితం చెప్పిన మనిషి, కిటికీ పక్కన కూర్చుని ఎదురింటి కప్పు మీది మంచు కరగడం చూస్తూ మధ్యాహ్నాలు గడపసాగారు. కొడుకు, కోడలు ఆదరంగానే చూసేవారు. ఏ పనికి లేచినా, “మీరు కూర్చోండి నాన్నగారూ” అనేవారు. ఆ మాట ఆయనకు రోజురోజుకూ బరువైంది.

ఆ ఇంటి పెరటివైపు ఒక డెక్ ఉంది. డెక్ అనే మాటకు తెలుగులో దీటైన పదం లేదు. అరుగు అనవచ్చునేమో గాని, అరుగు వీధివైపు ఉంటుంది. దారిన పోయేవాడు కూడా కాసేపు కూర్చుని పోవచ్చు. డెక్ ఇంటివారికి మాత్రమే. అంతకంటె పెద్ద తేడా అడుగున ఉంది. అరుగు లోపలంతా రాయీ మట్టీ. డెక్ కొయ్య గుంజల మీద నిలిచిన చెక్కల వేదిక; దాని కింద అంతా ఖాళీ. మనిషి వంగితే తప్ప దూరలేని ఆ నీడపట్టు, మనిషికి అక్కరకు రాదు గనుకనే తక్కిన ప్రాణులకు శ్రేష్ఠమైన నివాసం.

మే నెలలో ఒక రాత్రి కాలిన రబ్బరు, కుళ్ళిన వెల్లుల్లి కలిసినట్టున్న దుర్గంధం ఇల్లంతా ముంచెత్తింది. అది స్కంక్ పని. మన దేశంలో లేని జంతువు గనుక దానికి తెలుగు పేరు లేదు. పిల్లి అంత ఉంటుంది. నల్లని ఒంటి మీద తెల్లని చారలు. బెదిరితే ముందుకాళ్ళు నేలకు తాటించి, తోక ఎత్తి హెచ్చరిస్తుంది. అప్పటికీ తొలగకపోతే పది అడుగుల దూరం వరకు దుర్వాసన ద్రవం చిమ్ముతుంది. “పునుగుపిల్లి తైలం వేంకటేశ్వరస్వామి వారికి అలదుతారు. దీన్ని ఎవరికి అలదాలి?” అన్నారు మాస్టారి భార్య, ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని.

వాసన కంటె పెద్ద భయం మరొకటి. అమెరికాలో రేబిస్‌ను మోసే అడవి జంతువులలో గబ్బిలాలు, రకూన్‌లతోపాటు స్కంక్ కూడా ఒకటి. ఆరేళ్ళ మనుమడు బంతి కోసం ఎన్నోసార్లు ఆ డెక్ కిందికి దూరినవాడే. ఆ ఖాళీని మూసివేయాలని కొడుకు నిశ్చయించాడు.

“ఆ పని నేను చేస్తాను,” అన్నారు మాస్టారు. ఈసారి కూర్చోమని ఎవరూ అనలేదు.

చెక్కలతో పూర్తిగా మూస్తే గాలి ఆడదు. నేలలోని తేమ దూలాలను కుళ్ళబెడుతుంది. అందువల్ల జాఫ్రీ బిగిస్తారు. సన్నని బద్దలను ఐమూలగా ఒకదాని మీద ఒకటి పేర్చి కొట్టిన అల్లిక అది. మన పాత బంగళాల వరండాలకు ఉండేదే. అక్కడ నాలుగు అడుగుల వెడల్పు, ఎనిమిది అడుగుల పొడవు పలకలుగా దుకాణాలలో దొరుకుతుంది. డెక్ పొడవు పదహారు అడుగులు, వెడల్పు పన్నెండు. ఒక వైపు ఇంటి గోడ. తక్కిన మూడు వైపులూ కలిపి నలభై అడుగులు. సరిగ్గా ఐదు పలకలు. లెక్క శేషం లేకుండా తెగినందుకు మాస్టారు ఎంతో సంతోషించారు.

అయితే తవ్వే జంతువుకు జాఫ్రీ ఒక్కటే అడ్డం కాదు. దాని అడుగున జింకు పూత గల ఇనుప జల్లెడను అడుగు లోతున పాతి, అక్కడినుండి అడుగు మేర బయటివైపుకు మడవాలి. గోడ మొదట తవ్వే జంతువుకు కాళ్ళ కింద వల తగులుతుంది. వెనక్కు జరిగి తవ్వాలని దానికి తోచదు. ఇందుకు చాలు తీయాలి. తీయడానికి ముందు 811 అనే నెంబరుకు ఫోన్ చేసి చెప్పాలి. మనుషులు వచ్చి నేలలో విద్యుత్తు తీగ ఉన్నచోట ఎర్ర జెండా, గ్యాసు గొట్టం ఉన్నచోట పసుపు జెండా గుచ్చి పోతారు. సొంత పెరట్లో అడుగు లోతు తవ్వడానికి ఇంత తతంగమా అని మాస్టారు మొదట నవ్వారు. తమ వీధిలో ఒకరు తవ్విన గుంట మరొకరి మంచినీటి గొట్టం పగలగొట్టిన సందర్భాలు తలపుకు రాగానే నవ్వు మానారు.

రెండు వైపులు పూర్తయి, మూడోవైపు చట్రం నిలబెట్టిన సాయంకాలం, భార్య కాఫీ తెచ్చి ఇస్తూ అడిగింది: “ఏమండీ, లోపల ఎవరూ లేరని చూశారా?”

చూడలేదు. ఆవిడే వంటింట్లోంచి బియ్యప్పిండి తెచ్చి, మిగిలిన సందు పొడుగునా ముగ్గు గీతలా వెడల్పుగా పోసింది. అడవి జంతువుల సంగతి తెలిసినవారు అమెరికాలోనూ ఇదే ఉపాయం చెబుతారని కోడలు తరువాత చదివి చెప్పింది. తెల్లవారేసరికి పిండి మీద ఐదు వేళ్ళ అడుగులు, ముందు పొడుగాటి గోళ్ళ గాట్లు. ఒకే జంతువు, పోయినది, వచ్చినది. జూన్ నెలాఖరుకు ఆ అడుగుల చుట్టూ చిన్న చిన్న అడుగులు కూడా పడ్డాయి. మిణుగురులు లేచే వేళ కిటికీలోంచి మనుమడు లెక్కపెట్టాడు: తల్లి వెనుక ఒక వరుసలో నాలుగు పిల్లలు.

“పిల్లలుండగా మూస్తే అవి లోపల చస్తాయి, తల్లి బయట గోడలు పీకుతుంది,” అన్నారు మాస్టారు. కొడుకు విసుగుపడ్డాడు. డబ్బిస్తే పట్టుకుపోయేవాళ్ళు ఉన్నారు. తిరుగు ప్రయాణం జూలై పద్నాలుగున. పని సగంలో ఆగితే ఎవరు పూర్తి చేస్తారు?

“నువ్వే చేస్తావు,” అన్నారు ఆయన.

కొడుకు జీవితంలో సుత్తి పట్టినవాడు కాడు. తండ్రి ఆఖరి పలకను కొలతకు కోసి, చట్రంలో బిగించి, ఎప్పుడైనా తెరిచేందుకు మడతబందులు అమర్చి, మర మేకులు ఎక్కడెక్కడ దిగాలో పెన్సిలుతో గుర్తులు పెట్టారు. మనుమడు ఆ సందు దగ్గరకు వెళ్ళకుండా తాత్కాలికంగా వల కంచె కట్టారు. ఆ రాత్రి భార్యతో విమానం ఎక్కారు.

ఆగస్టు మొదటి వారంలో తెనాలిలో పొద్దు గూకే వేళ ఫోన్ మోగింది. ఎడిసన్‌లో అప్పుడు ఉదయం. తెరమీద డెక్ కింది సందు, దాని ముందు కాస్త వంకరగా పోసిన పిండి గీత కనిపించాయి. ఒక్క అడుగు కూడా లేదు.

“మూడు రాత్రులైంది నాన్నగారూ. పోయినట్టే.”

మాస్టారు కళ్ళజోడు సవరించుకుని గీతను ఈ చివర నుండి ఆ చివర వరకు చూపించమన్నారు. “నాలుగో రాత్రి కూడా చూడరా,” అన్నారు.

మర్నాడు అదే వేళకు మళ్ళీ ఫోన్ వచ్చింది. ఫోనును మెట్టు మీద ఆనించి కొడుకు పలక ఎత్తాడు. పెన్సిలు గుర్తు ఏదని రెండుసార్లు అడిగాడు. మొదటి మేకు పక్కకు పోయింది. మాస్టారు ఏమీ అనలేదు. కొడుకు దాన్ని ఊడదీసి మళ్ళీ పెట్టాడు.