కోనసీమ వస్తున్నారా? ముందు గోదారి మట్టం చూడండి

కోనసీమ ట్రిప్ అనగానే అందరూ అడిగేది ఒకటే, ‘ఏ రిసార్ట్ బాగుంటుంది?’ అని. మేమైతే ముందు గోదారి మట్టం చూస్తాం.

జులై నుంచి సెప్టెంబరు దాకా వరదల కాలం. ధవళేశ్వరం దగ్గర నీటిమట్టం 11.75 అడుగులకి చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది. మొదటిది విన్నారంటే ట్రిప్ వాయిదా వేసేయండి. లంకలకెళ్లే కాజ్‌వేలు మునుగుతాయి, పంట్లు ఆగిపోతాయి. అప్పుడు తిరిగే పడవలు మీ రీల్స్ కోసం కాదండీ. పాలకీ, మందులకీ, నొప్పులొచ్చిన గర్భిణికీ అవే దిక్కు. సరదాకి మీరెక్కితే ఆ మేరకు ఒకరు ఒడ్డునే ఉండిపోతారు.

నవంబరు నుంచి ఫిబ్రవరి మధ్య రండి. అమలాపురానికి ఇంకా రైలు లేదు. రాజమండ్రిలో దిగి రావులపాలెం మీదుగా బస్సెక్కండి. దారి మళ్లి ఆత్రేయపురం వెళ్తే, పూతరేకులు కొనడమే కాదు, బోర్లించిన కుండ మీద రేకు తీయడం కూడా చూడండి. రాజోలు వైపు వెళ్తే దిండిలో ఓ రాత్రి ఉండి, పొద్దున్నే అంతర్వేది బయల్దేరండి. వశిష్ట సముద్రంలో కలిసే అన్నాచెల్లెళ్ల గట్టు దగ్గర ఫొటోలు ఎన్నైనా తీసుకోండి, నీళ్లలోకి మాత్రం దిగొద్దు.

పడవ ఎక్కాల్సొస్తే లైఫ్ జాకెట్ అడగండి. లేదంటే ఎక్కకండి. రేవులో వాళ్లు ‘ఇవాళ వద్దండి’ అంటే బేరమాడకుండా వెనక్కి తిరగండి. గోదారి ఎక్కడికీ పోదు కదా!