కాగితం మీది పుట

మా నాన్నగారు తెర మీద ఏదీ చదివేవారు కారు. "అక్షరం చేతికి అందాలిరా" అనేవారు. అందుచేత 2007లో, నా జాలపుటలో రాసుకున్న వ్యాసమొకదాన్ని అచ్చు తీసి ఊరికి పంపాను. ఏడు కాగితాలయ్యాయి. మొదటిదాని నిండా పక్కపట్టీ, పాత రచనల జాబితా. తక్కినవాటిలో ప్రతి పంక్తి చివరి మాటా కుడి అంచు దగ్గర తెగిపోయింది. తొందరలో నేను అది చూసుకోనేలేదు.

పది రోజులకు ఆ కాగితాలు తిరుగు టపాలో వచ్చాయి. తెగినచోటల్లా నాన్నగారు పెన్సిలుతో మాటలు పూరించారు. అడుగున ఒక ప్రశ్న: "కాగితం చిన్నదా, నీ వాక్యం పెద్దదా?"

సిగ్గుపడి కారణం వెదికాను. పుట వెడల్పును పిక్సెళ్ళలో బిగించి ఉంచాను. అది తెరకు చాలిందే గాని, 210 మిల్లీమీటర్ల ఏ4 కాగితంలో ఇమడలేదు. నిజానికి ఈ రోగానికి మందు అప్పటికి ఎంతో కాలంగా ఉంది. 1998 మే నెలలో డబ్ల్యూ3సీ వెలువరించిన సీఎస్సెస్ రెండవ ప్రమాణం, తెరకొక శైలిపత్రం, ముద్రణకు మరొకటి రాసుకునే వీలు కల్పించింది. 2002లో ఎరిక్ మేయర్ 'ఎ లిస్ట్ అపార్ట్' పత్రికలో దీన్ని గురించి విపులంగా రాశారు. నేనే ఆలస్యంగా మేలుకున్నాను.

'మీడియా ప్రింట్' అనే నియమం కింద ఒక్కొక్కటే సర్దుకుంటూ వచ్చాను. పక్కపట్టీకీ, వ్యాఖ్యల పెట్టెకూ 'డిస్‌ప్లే నన్' అన్నాను. బిగించిన వెడల్పు తీసి 'ఆటో' చేశాను. అక్షరాల కొలతను పిక్సెళ్ళ నుంచి పాయింట్లకు మార్చి, పన్నెండు పెట్టాను. మన లిపికి పైన గుడి, కింద ఒత్తు ఉంటాయి గనుక పంక్తుల ఎడం ఒకటిన్నర రెట్లకు పైగా ఉంచాను. కాగితం మీద లంకె మూగది, నొక్కితే పలకదు. అందుకని దాని చిరునామా పక్కనే అచ్చయ్యేలా 'ఆఫ్టర్' నియమం రాశాను. పుట మారేచోట ఒంటరిగా మిగిలే పంక్తులను ముద్రాపకులు అనాథలు, విధవలు అని పిలిచేవారు. సీఎస్సెస్‌లోనూ అవే పేర్లు. వాటికి కనీసం రెండేసి పంక్తుల తోడు కల్పించాను.

అదే వ్యాసం ఈసారి నాలుగు కాగితాలలో ఒదిగింది. మళ్ళీ పంపాను. "చక్కగా ఉంది. నాకే పని లేకుండా చేశావు" అని జవాబు వచ్చింది.

నాన్నగారు 2011లో వెళ్ళిపోయారు. ఆయన ట్రంకుపెట్టెలో రెండవ ప్రతి దొరికింది. తెగిన మాటల ప్రతి ఎలాగూ నా దగ్గరే ఉంది. రెండింటినీ పక్కపక్కన పెట్టుకుని చదివాను. చాలాచోట్ల ఆయన ఊహ నా మాటకు సరిపోయింది. ఒకచోట మాత్రం నేను 'విచారం' అన్నదాన్ని ఆయన 'దిగులు' అని పూరించారు. ఆయన మాటే బాగుంది. నా పుటలో ఆ మాటే పెట్టేశాను.

మిత్రులారా, మీ పుటను కూడా ఒకసారి ప్రింట్ ప్రివ్యూలో చూసుకోండి. చదివేవారందరూ తెర ముందే కూర్చుని ఉండరు. తెగిన మాటలను ఓపికగా పూరించుకునేవారు అందరికీ దొరకరు.