నివేదికలోని ఒక మాట

స్త్రీల గోప్య వ్యాధిని గురించి ఒక మదర్సా ఉపాధ్యాయుడు వ్రాయవచ్చునా అని చాలా రోజులు సందేహించాను. చివరకు నా చెల్లెలే, "వ్రాయండి భాయీజాన్, నా పేరు మాత్రం వద్దు. నాలా దాచుకున్నవాళ్లు ఇంకెందరున్నారో!" అన్నది. ఆమె అనుమతితోనే వ్రాస్తున్నాను.

మాది బుగ్గారం. జగిత్యాల ప్రాంతంలోని అనేక ఇండ్ల మాదిరిగానే ఆమె సంసారం కూడా గల్ఫ్ సంపాదనతో, బీడీల చాటతో గడిచింది. భర్త పదకొండేండ్లుగా సౌదీలో ఉంటున్నాడు. రెండేండ్లకోసారి సెలవుపై వచ్చి వెళ్తాడు. నలభై ఆరేండ్ల వయసులో ఆమెకు బాహ్య జననాంగం వద్ద దురద మొదలయింది. గంటల తరబడి కూర్చుని బీడీలు చుట్టడం వల్ల వేడి చేసిందనుకున్నది. మందుల దుకాణం నుండి మలాము తెప్పించుకొని ఏడాదిన్నర నెట్టుకొచ్చింది. చిన్న గడ్డ తేలి రక్తం కనిపించిన తరువాతనే మా ఇంటావిడ చెవిన వేసింది.

హైదరాబాదులో ఒక వైద్యురాలు మత్తు సూది ఇచ్చి, చిన్న ముక్క తీసి పరీక్షకు పంపారు. నివేదిక నా చేతికి వచ్చింది. క్యాన్సర్ అన్న మాట చదివి కూలబడ్డాను. దాని కిందనే 'హెచ్‌పీవీ సంబంధితం, పి16 పాజిటివ్' అని ఉన్నది. వివరం చెప్పకుండా, తెలిసిన ఒకరిని ఫోనులో అడిగాను. "అది శారీరక సంబంధం వల్ల వచ్చే వైరస్ కదా మౌల్వీ సాబ్" అన్నాడు.

సిగ్గుతో ఒప్పుకొంటున్నాను. 'భర్త ఊళ్లో లేడు కదా!' అన్న ఆలోచన ఆ రాత్రి నా మనసులో మెదిలింది. దురనుమానాలకు దూరంగా ఉండమని హుజురాత్ సూరా చెబుతున్నదని ఇన్నేండ్లుగా పిల్లలకు బోధిస్తున్నవాణ్ణి. నా తోబుట్టువు దగ్గరకు వచ్చేసరికి ఆ పాఠం ఒక్క పూట కూడా నిలువలేదు. అంతలో ఆమె భర్త ఫోను: "రిపోర్టులో ఏమున్నది భాయ్‌సాబ్?" రేపు చెబుతానన్నాను.

మరునాడు వైద్యురాలిని అడిగాను. నా ప్రశ్న వెనుక ఉన్న ప్రశ్న ఆమెకు అర్థమయినట్లున్నది. ఓపికగా వివరించారు. ఇది అత్యంత సాధారణమైన వైరస్. దాంపత్య జీవితం గడిపే స్త్రీ పురుషుల్లో చాలామందికి ఎప్పుడో ఒకప్పుడు సోకుతుంది. అధికశాతం మందిలో ఒకటి రెండేండ్లలో శరీరమే దానిని అణచివేస్తుంది. కొందరిలో మాత్రం ఏండ్ల తరబడి ఏ లక్షణమూ లేకుండా ఉండిపోయి, దశాబ్దాల తరువాత జబ్బుగా బయటపడవచ్చు. పురుషులలోనూ అంతే నిశ్శబ్దంగా ఉంటుంది. ఎప్పుడు సోకింది, ఎవరి నుండి సోకింది అన్నది ఏ పరీక్షా చెప్పలేదు.

మరి నివేదికలో ఎందుకు వ్రాస్తారు? ఈ క్యాన్సర్ రెండు దారులలో వస్తుంది కనుక. ఒకటి ఈ వైరస్ వల్ల, ముఖ్యంగా 16వ రకం వల్ల. ఇది కొంత తక్కువ వయసులో కనిపిస్తుంది. రెండవది వైరస్‌తో సంబంధం లేనిది. చర్మం తెల్లబడి, పలుచబడి, ఏండ్ల తరబడి దురద పెట్టే వ్యాధి ముదిరి, ఎక్కువగా వృద్ధ స్త్రీలలో వస్తుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020 వర్గీకరణలో ఈ రెండింటినీ వేరు వేరుగా పేర్కొన్నది. వైరస్ కణంలోని కాపలా ప్రోటీనును నిర్వీర్యం చేసినప్పుడు పి16 అనే మరో ప్రోటీను విపరీతంగా పెరుగుతుంది. ముక్కకు రంగు వేసి ఆ జాడను పట్టుకొంటారు. వైరస్ వల్ల వచ్చినదయితే చికిత్స తరువాత కోలుకొనే అవకాశం సాధారణంగా మెరుగు. అయితే గర్భాశయ ముఖద్వారాన్ని కూడా పరీక్షించాలి. అదే వైరస్ అక్కడా హాని చేయగలదు. ఆ సంబంధాన్ని వెలికితీసిన జర్మనీ శాస్త్రవేత్త హరాల్డ్ జుర్ హౌసెన్‌కు 2008లో నోబెల్ బహుమతి లభించింది.

అంటే ఆ మాట వ్యాధి రకాన్ని చెప్పేదే గాని, మనిషి శీలాన్ని చెప్పేది కాదు.

ఆ సాయంత్రం ఆమె భర్తకు అంతా చెప్పాను. చాలాసేపు మౌనం. తరువాత, "అయితే నా నుండే వచ్చి ఉండవచ్చు కదా భాయ్‌సాబ్?" అన్నాడు. "అది ఎవరికీ తెలియదు. తెలుసుకోవలసిన అవసరమూ లేదు. నీవు రా" అన్నాను. శస్త్రచికిత్స నాటికి వచ్చి ఆమె పక్కన కూర్చున్నాడు.

శీలవతిపై నింద మోపేవాడు నలుగురు సాక్షులను తేవాలని నూర్ సూరా శాసించింది. ప్రయోగశాల కాగితం ఆ నలుగురిలో ఒకటి కాదు. ఇక సిగ్గు సంగతి: ఉమ్మె సులైమ్ (రజి) స్త్రీలకు సంబంధించిన అతి గోప్యమైన ప్రశ్నను దైవప్రవక్త (స) సన్నిధిలోనే అడిగారు, ఆయన మందలించలేదు, సమాధానమిచ్చారు. చికిత్స కోసం అవసరమైనంత మేరకు వైద్యులకు చూపడాన్ని మన ధర్మవేత్తలు అనుమతించారు.

కనుక సోదరీమణులారా, మానని దురద, పుండు, గడ్డ, చర్మం రంగు మారడం, అకారణ రక్తస్రావం ఉంటే మలాములతో కాలం గడపకండి. వైద్యురాలికి చూపించండి. సోదరులారా, నివేదిక అర్థం కాకపోతే వైద్యులనే అడగండి.

నా చెల్లెలు ఇప్పుడు కోలుకొంటున్నది, అల్‌హమ్దులిల్లాహ్. ఆ రాత్రి నా మనసులో మెదిలినది ఆమెకు నేను ఇంతవరకు చెప్పలేదు. ఇది చదివినప్పుడు తెలుసుకొంటుంది. నన్ను క్షమించమని ఆమెను ఇక్కడే వేడుకొంటున్నాను.